అడుగున వెచ్చని నీళ్లు

మొదటి రోజు: కాశిమేడు

బాబాయి రాత్రి పదకొండు గంటలకు చెన్నై విమానాశ్రయంలో దిగారు. తెల్లవారుజామున నాలుగింటికి నేను లేచేసరికి వరండాలో కుర్చీ వేసుకుని, మోకాళ్ల మీద పుస్తకం పెట్టుకుని కూర్చుని ఉన్నారు. అట్ట నలిగిన ఆ పుస్తకం గురించి మా ఇంట్లో అందరికీ తెలుసు. టెక్సాస్‌లో గాలం వేసిన ప్రతి రోజూ నీటి వేడి ఎంత ఉందో, ఏ చేప ఏ లోతులో దొరికిందో ఆయన అందులో రాసుకుంటారు. నెల్లూరు కాలువల మీద మా నాన్నతో కలిసి వానపాము గుచ్చి జెల్లలు పట్టిన మనిషి, అక్కడికి వెళ్లాక లార్జ్‌మౌత్ బాస్ అనే చేప వెంట పడ్డారు. ఈసారి జనవరిలో వస్తున్నానని ఫోనులో చెప్పినప్పుడే అడిగారు. "అమ్మాయ్, మన పండుగప్పను కూడా అక్కడివాళ్లు సీ బాస్ అంటున్నారు. చలికాలంలో అది ఏం చేస్తుందో చూడాలి. ఐదు రోజులు నాకు ఇస్తావా?"

ఇచ్చాను. నాకూ ఆ ప్రశ్నే ఉంది. నాలుగేళ్లుగా చెన్నై చుట్టుపక్కల గాలం వేస్తున్నాను. డిసెంబరు వానలు ఆగిన తర్వాత పండుగప్ప ఎందుకు అలా మాయమవుతుందో అర్థం చేసుకోవాలన్నది నా పట్టుదల.

నిద్ర ఎలాగూ పట్టదు కాబట్టి కాశిమేడు రేవుకు వెళ్లాం. వేలం మొదలైంది. ఐసు గడ్డలు పగలగొట్టే చప్పుడు, తమిళం, మధ్యలో శ్రీకాకుళం వైపు తెలుగు. బాబాయి ముందు నీళ్ల దగ్గరికి నడిచారు. జేబులోంచి దారానికి కట్టిన థర్మామీటరు తీసి, పడవల మధ్య ఖాళీలో వదిలి రెండు నిమిషాలు ఆగారు. 26 డిగ్రీలు. గాలి 22 ఉంది. నీళ్లు గాలి కంటే వెచ్చగా ఉన్నాయి.

"మా చెరువు ఈ రోజు 9 దగ్గర ఉంటుంది" అన్నారు. 9 డిగ్రీల నీటిలో లార్జ్‌మౌత్ బాస్ చచ్చిపోదు. లోతుగా దిగి, కదలడం తగ్గించి, తిన్న కొంచెం చాలా రోజులపాటు అరిగించుకుంటూ బతుకుతుంది. అప్పుడు ఎరను దాని ముక్కు ముందు నుంచి నత్త నడకన లాగాలి. వేగంగా వెళ్లే ఎర కోసం అది ఒంట్లో శక్తి ఖర్చు పెట్టదు.

చేపల వరసలో ఒక పండుగప్ప కనబడింది. తమిళంలో కొడువా. నాలుగు కిలోలు ఉంటుందేమో. నుదురు లోపలికి వంగి, వీపు పైకి లేచి, పక్కలు వెండి రేకులా ఉన్నాయి. నోరు ఆ శరీరానికి మించిన నోరు. బాబాయి మొప్ప మీది మూత అంచున వేలు పెట్టి వెంటనే తీసేశారు. కత్తి అంచులా ఉంటుంది అది. మొసలి పళ్లు లాంటివేమీ లేకపోయినా ఈ చేప దారం తెంపేది ఆ మూతతోనే.

ఈ రెండు చేపలకూ బాస్ అన్న పేరు తప్ప చుట్టరికం లేదని ఇక్కడే చెప్పేస్తాను. లార్జ్‌మౌత్ ఉత్తర అమెరికా మంచినీటి చేప. సన్‌ఫిష్ కుటుంబం దానిది. మన పండుగప్ప లేటిస్ జాతిది. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సును ముంచెత్తిన నైలు పెర్చ్‌కు దాయాది. ఆస్ట్రేలియాలో దీన్నే బారముండి అంటారు. కానీ రెండూ ఒకే రకం వేటగాళ్లు. దాక్కుని, కాచుకుని, ఒక్క ఉదుటున నోరు తెరిచి నీటితో సహా ఎరను లోపలికి పీల్చేస్తాయి.

చేపలమ్మే ఆమెను అడిగాను. ఆమెది బారువ దగ్గర ఊరు. పెళ్లయి ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్లయిందట. "వానలప్పుడు మొగ తెరుచుకుంటే వస్తాయమ్మా. సంక్రాంతికి తగ్గిపోతాయి. మళ్లీ ఎండలు ముదరాలి" అంది. మొగ అంటే కాలువో సరస్సో సముద్రంలో కలిసే నోరు. బాబాయి ఆ మాటను అలాగే పుస్తకంలో రాసుకున్నారు.

రెండో రోజు: ముట్టుకాడు

తూర్పు తీరం రోడ్డు మీద దక్షిణంగా వెళ్తే, కోవళం రాకముందే ముట్టుకాడు. 1984 నుంచీ ఉన్న ప్రభుత్వ పడవల విహారకేంద్రం వల్ల చాలామందికి ఇది సెలవు రోజు చోటు. నాకు మాత్రం ఇది నీళ్లు కలిసే చోటు. నగరంలో కురిసిన వాన పళ్లికరణై చిత్తడిలోకి చేరి, అక్కడి నుంచి ఒక్కియం మడువు మీదుగా బకింగ్‌హామ్ కాలువలో పడి, దక్షిణానికి పారి ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. పోటు వచ్చినప్పుడు సముద్రం ఎదురు వస్తుంది. అంటే ఇక్కడి నీరు ఒక రకం నీరు కాదు.

తెలిసిన పడవాయన ఫైబర్ పడవలో తీసుకెళ్లారు. తమిళుడే గానీ తెలుగు బాగా మాట్లాడతారు. ఆయన అమ్మమ్మది సూళ్లూరుపేట. ఆరింటికి బాబాయి పై నీటిలో థర్మామీటరు ముంచారు. 23.5. కాశిమేడు రేవు కంటే రెండున్నర డిగ్రీలు తక్కువ.

తొమ్మిదింటి వరకూ వేశాం. వంతెన స్తంభాల పక్కన, మడ మొక్కల అంచున, పాత వల గుంజల చుట్టూ. ఒక్కటి తగల్లేదు. తమిళంలో మడవై అనే చేపల పిల్లలు గుంపులుగా నీటి పైన తేలుతున్నాయి. వాటి మీద ఎవరూ దాడి చేయడం లేదు. మేత తేలుతున్నా వేటగాడు కనబడలేదంటే, వాడు వేరే చోట ఉన్నాడనైనా, ఆకలిగా లేడనైనా అనుకోవాలి.

ఆ మూడు గంటల్లో బాబాయి తన చెరువు సంవత్సరాన్ని నాకు మొదటి నుంచి చివరిదాకా చెప్పారు. ఇంత ఓపికగా ఆయన ఎప్పుడూ చెప్పలేదు. చేప ఒంట్లో పొయ్యి లేదు. నీరు ఎంత వెచ్చగా ఉంటే దాని ఒళ్లూ అంతే. పది డిగ్రీలు పెరిగితే దాని జీవక్రియ దాదాపు రెట్టింపు అవుతుంది. అరుగుదల, పరుగు, ఆకలి అన్నీ దానితోనే కదులుతాయి. కాబట్టి లార్జ్‌మౌత్‌కు నెలలు లేవు, డిగ్రీలే ఉన్నాయి. నీరు 10 దాటితే లోతు వదిలి ఒడ్డు వైపు కదలడం మొదలవుతుంది. 13, 14 దగ్గర ఆడ చేపలు కడుపు నింపుకోవడానికి ఆబగా తింటాయి. బాబాయి పుస్తకంలో పెద్ద చేపలన్నీ ఆ పేజీల్లోనే ఉన్నాయి. 16 నుంచి 18 వచ్చేసరికి మగ చేప గట్టి నేల చూసుకుని, తోకతో ఊడ్చి గూడు చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. మగది తిండి మానేసి కాపలా కాస్తుంది.

"ఆ రోజుల్లో గూటి మీద ఉన్న మగదానికి గాలం వెయ్యను" అన్నారు. "దాన్ని పైకి తీసిన నిమిషంలోనే చిన్న చేపలు వచ్చి గుడ్లు తినేస్తాయి. నా కళ్లతో చూశాను."

వేసవిలో పై నీరు 27 దాటితే మళ్లీ కథ మారుతుంది. వెచ్చని నీరు తేలిక కాబట్టి పైన ఉండిపోతుంది. చల్లనిది కింద. రెంటి మధ్య వేడి ఒక్కసారిగా పడిపోయే పొర ఒకటి ఏర్పడుతుంది. గాలి కలపలేక ఆ పొర కింది నీటిలో ఆక్సిజన్ తరిగిపోతుంది. పైన ఉడుకు, కింద ఊపిరి లేదు. చేప ఆ మధ్యలో, నీడ చూసుకుని, తెల్లవారుజామున, సందెవేళ మాత్రం బయటికి వస్తుంది. శరదృతువులో పై నీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది. చెరువు మొత్తం కలిసిపోతుంది. మేత చేపలు వాగుల చివరలకు వెళ్తాయి. బాస్ వాటి వెంట వెళ్తుంది.

టెక్సాస్‌లో 13 పౌండ్లు, అంటే దాదాపు 6 కిలోలు దాటిన చేపను పట్టినవాళ్లు పెంపకం కోసం ప్రభుత్వానికి అప్పగించే పథకం 1986 నుంచీ నడుస్తోంది. బాబాయికి ఆ అవకాశం ఇంకా రాలేదు. ప్రపంచ రికార్డు 22 పౌండ్ల 4 ఔన్సులు. 1932 జూన్ 2న జార్జియాలో జార్జ్ పెరీ పట్టారు. 77 ఏళ్ల తర్వాత 2009 జూలై 2న జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా దాన్ని సమం చేశారు. ఈ రెండు తేదీలూ బాబాయికి పెళ్లిరోజులా గుర్తు.

ఇవన్నీ వింటుంటే నాకు ఒక సంగతి తట్టింది. బాబాయి చేపకు 18 డిగ్రీలంటే గుడ్లు పెట్టే వసంతం. మన పండుగప్ప 20 కంటే చల్లని నీటిలో తిండి దాదాపు మానేస్తుంది. దానికి హాయి 26 నుంచి 30 వరకూ. అంటే ఒకదాని పండుగ ఇంకొకదానికి పస్తు. టెక్సాస్ చెరువులో ఏడాదికి 20 డిగ్రీల పైన తేడా ఉంటుంది. మన తీరంలో సముద్రపు నీరు మారేది నాలుగైదు డిగ్రీలే. అయినా ఆ నాలుగైదు డిగ్రీలు పండుగప్ప హాయి హద్దులను తాకుతాయి.

ఒడ్డుకు చేరుతుండగా పడవాయన తెడ్డు ఆపి, చాలాసేపటి నుంచి చెప్పాలనుకుంటున్న మాట చెప్పారు. "అయ్యా, మీరు పైనే చూస్తున్నారు. ఈ నెలల్లో నేను వల విప్పడానికి దిగితే ఛాతీకి చలి, కాళ్లకు వెచ్చన. చేప కాళ్ల దగ్గరే ఉంటుంది."

బాబాయి ఆయన వైపు చాలాసేపు చూశారు. "అది జరగదే. చల్ల నీరు కిందికి దిగాలి కదా" అని మెల్లగా అన్నారు. ఇంటికి వచ్చేదాకా మరో మాట మాట్లాడలేదు.

మూడో రోజు: ఇంటి దగ్గర

తెల్లారేసరికి మబ్బు పట్టి, ఈశాన్య గాలి ఈడ్చి కొడుతోంది. వెళ్లలేదు. బాబాయి ఉదయమంతా దారానికి అర మీటరుకు ఒక ముడి వేస్తూ గడిపారు. థర్మామీటరు నేరుగా దిగడానికి సీసం గుండ్లు కావాలంటే బ్రాడ్‌వేలో వలల సామాను అమ్మే వీధికి తీసుకెళ్లాను. పైకి లాగేలోపు అంకె మారిపోకుండా థర్మామీటరును చిన్న ప్లాస్టిక్ సీసాలో పెట్టారు. సీసా అడుగు నీటిని తనతో తెస్తుంది, ఆ నీరే అంకెను కాపాడుతుంది.

తిరిగి వస్తూ శాంథోమ్ హై రోడ్డులో కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ ముందు కారు ఆపమన్నారు. 1987లో మొదలైన ఆ సంస్థ, 1997లో పండుగప్పను బందీగా ఉంచి గుడ్లు పెట్టించడంలో విజయం సాధించింది. వాళ్ల ప్రయోగ కేంద్రం మేము నిన్న తిరిగిన ముట్టుకాడులోనే ఉంది. గుడ్లు పొదగాలంటే 28 డిగ్రీల దగ్గర నిలకడైన వెచ్చని నీరు, సముద్రపు ఉప్పు రెండూ కావాలి. ఆ రెండూ కుదిరితే గుడ్డు ఒక రోజు తిరగకముందే పిల్ల అవుతుంది. పెద్ద చేప నదుల్లో, కాలువల్లో తిరిగినా గుడ్లు పెట్టడానికి మొగ దగ్గరి ఉప్పు నీటికే రావాలి. ఇంకో విశేషం, పండుగప్ప మగదిగా పుట్టి మూడు నాలుగేళ్లు గడిచాక ఆడది అవుతుంది. పెద్ద చేపలన్నీ దాదాపుగా తల్లులే. అందుకే నేను 80 సెంటీమీటర్లు దాటినదాన్ని ఎప్పుడూ ఇంటికి తేను. తెచ్చేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఆ సంగతి వాళ్లతో చెబుతాను కూడా.

సాయంత్రం నా నోట్సు కూడా ఆయనకు చూపించాను. మన వేసవి అనుకున్నంత సూటిగా ఉండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజులు మరపడవల వేట నిషేధం. అప్పటికి నీరు 30కి చేరుతుంది. కానీ జూన్, జూలైలో ఒకోసారి బీసెంట్ నగర్ తీరంలో కాళ్లు పెడితే సముద్రం చల్లగా తగులుతుంది. నైరుతి గాలి తీరం వెంబడి ఉత్తరానికి వీస్తూ, భూభ్రమణం వల్ల పై నీటిని తీరం నుంచి నడి సముద్రం వైపు తోసేస్తుంది. ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్ల నీరు పైకి వస్తుంది. గాలి 38 ఉన్న రోజున సముద్రం చల్లగా ఉండడం నేను మొదటిసారి గమనించినప్పుడు థర్మామీటరు చెడిపోయిందనుకున్నాను. బాబాయి ఆ పేజీ రెండుసార్లు చదివారు.

రాత్రి నెల్లూరు పద్ధతిలో పులుసు పెట్టాను. కాశిమేడులో కొన్న చిన్న పండుగప్ప. పులుసు రేపటికి ఇంకా బాగుంటుందని బాబాయి సగం దాచిపెట్టారు.

నాలుగో రోజు: పులికాట్

సెంట్రల్‌లో తెల్లవారుజాము రైలు ఎక్కి పొన్నేరిలో దిగి, అక్కడి నుంచి ఆటో. తమిళులకు పళవేర్కాడు, మన పెద్దవాళ్లకు ప్రళయకావేరి. ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. దీనికీ సముద్రానికీ మధ్య శ్రీహరికోట దీవి. 1609లో డచ్చివాళ్లు ఇక్కడికి వచ్చి, కోట కట్టి, బట్టల వ్యాపారం చేశారు. వాళ్ల సమాధుల దగ్గర పుర్రెలు చెక్కిన రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. చూశాం గానీ మా ధ్యాస నీళ్ల మీదే ఉంది.

ఈ సరస్సు లోతు చాలా చోట్ల ఒక మీటరు. లోతు లేని నీరు సూర్యుడు చెప్పినట్టు వింటుంది. ఎనిమిదింటికి ఒడ్డు దగ్గర 22.4. మధ్యాహ్నం రెండింటికి అదే చోట 27.8. ఆరు గంటల్లో ఐదు డిగ్రీలకు పైగా. టెక్సాస్ చెరువు ఇంత మారడానికి మూడు వారాలు పడుతుందని బాబాయి అన్నారు.

మమ్మల్ని తీసుకెళ్లిన పెద్దాయన తెలుగువారు. డెబ్బై దాటి ఉంటాయి. ఇక్కడి జాలర్ల ఊళ్లలో పాడు అనే పద్ధతి ఉంది. సరస్సులో మంచి చోట్లు ఎవరికీ సొంతం కావు. చీట్లు వేసి, ఏ రోజు ఏ చోట ఎవరు వల కట్టాలో వంతులు పంచుకుంటారు. "బాబూ, చోటు మంచిదైనా రోజు మంచిది కాకపోతే ఏం లాభం? అందుకే రోజులు కూడా పంచుకుంటాం" అన్నారాయన. చలి రోజు వంతు వచ్చినవాడికి మరో వెచ్చని రోజు రావాలన్నది ఆ పద్ధతిలోని న్యాయం.

పదింటి దాకా ఏమీ లేదు. నడుము లోతు నీటిలో కొందరు ఆడవాళ్లు వంగి చేతులతో బురద తడుముతూ రొయ్యలు పడుతున్నారు. తాటాకు బుట్ట పళ్లతో కరుచుకుని, రెండు చేతులూ నీటిలో. ఒకామె బుట్ట నోట్లోంచి తీసి ఊపిరి పీల్చుకుంటుంటే పలకరించాను. ఆమె చేయి ఇంకా బురదలోనే ఉంది.

"పొద్దున ఎక్కడ దొరుకుతాయమ్మా?"

"నల్ల బురదలో. ఇసకలో ఉండవు. బురద రాత్రి కూడా వెచ్చగా ఉంటుంది. చెయ్యి పెట్టి చూడు."

పెట్టాను. మణికట్టు దాటి మోచేతి వరకూ దిగింది. నిజంగానే నీటి కంటే బురద గోరువెచ్చగా ఉంది. వేళ్ల మధ్య ఏదో చిన్నది తటాలున కదిలి జారిపోయింది. ఆమె నవ్వి, బుట్ట మళ్లీ నోట కరుచుకుని ముందుకు కదిలింది. నాలుగేళ్లుగా నేను నీటి వేడి కొలుస్తున్నాను. బురద వేడి కొలవాలని నాకు ఒక్కసారీ తోచలేదు.

మధ్యాహ్నానికి ఈశాన్య గాలి స్థిరపడింది. ఇక్కడ బాబాయి పుస్తకం మాకు అక్కరకొచ్చింది. చలికాలంలో గాలి పై నీటిని తోసుకెళ్లి ఎదుటి ఒడ్డున పోగు చేస్తుంది, ఎండకు వెచ్చబడిన నీరు అక్కడ చేరుతుంది అని ఆయన ఎన్నో పేజీల్లో రాసుకున్నారు. ఈశాన్యపు గాలి కాబట్టి నైరుతి మూలకు పడవ తిప్పించాం. అక్కడ 28.6. దాదాపు ఒక డిగ్రీ ఎక్కువ. మడవై పిల్లలు కిక్కిరిసి ఉన్నాయి.

మూడోసారి విసిరినప్పుడు ఆ శబ్దం వినబడింది. అరచేతిని గిన్నెలా చేసి నీటి మీద కొట్టినట్టు, టప్‌మని. పండుగప్ప నోరు మూసిన శబ్దం అది. బాబాయి చేతిలో కర్ర వంగింది, రీలు అరిచింది, చేప పూర్తిగా నీటి పైకి లేచి తల విదిలించింది. ఒక్క క్షణం దాని కన్ను ఎండలో నిప్పు కణికలా ఎర్రగా మెరిసింది. తర్వాత దారం వదులైంది. లాగి చూస్తే కొస నున్నగా తెగి ఉంది. మొప్ప మూత పని అది. బాబాయి ఆ కొసను వేళ్ల మధ్య తిప్పుతూ, "దీని ముందు మందపాటి దారం కట్టాలి, లార్జ్‌మౌత్ ఎప్పుడూ ఇలా చెయ్యదు" అన్నారు. ఆయన చేతులు వణుకుతున్నాయి.

మేలో ఇక్కడికి రావద్దని పెద్దాయన చెప్పారు. ఆ నెలల్లో మొగ ఇసకతో పూడుకుపోతే సరస్సు ఎండకు ఇంకి, ఉప్పు సముద్రాన్ని మించుతుంది. వెచ్చదనం మంచిదే గానీ దానికీ హద్దు ఉంది. మంచినీరు 20 డిగ్రీల దగ్గర లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటుంది. 30 దగ్గర ఏడున్నర. ఉప్పు పెరిగితే ఇంకా తక్కువ. చేపకు ఊపిరి ఎక్కువ కావలసిన వేళకే నీటిలో అది తరిగిపోతుంది. "మొగ తెరిచి ఉంటే చేప సముద్రంలోకి పోయి బతుకుతుంది. మూసుకుంటే ఎక్కడికి పోతుంది?" అని పెద్దాయన అడిగారు. ఆ మొగ తెరిచి ఉండాలని ఇక్కడి జాలర్లు ఏళ్ల తరబడి ఎందుకు అడుగుతున్నారో ఆ ఒక్క మాటతో నాకు అర్థమైంది.

ఐదో రోజు: మళ్లీ ముట్టుకాడు

భోగికి ముందు రోజు. పడవాయన మా కోసం ఐదున్నరకే ఎదురుచూస్తున్నారు. పోటు మొదలై గంటయిందని చెప్పారు. వంతెన దిగువన, కాలువ నీరు సముద్రాన్ని కలిసే చోట లంగరు వేశాం. గాలి లేదు. నీటి మీద సన్నగా పొగమంచు.

బాబాయి సీసాను ముడి తర్వాత ముడి దించారు. నేను లాంతరు పట్టుకుని అంకెలు చదివాను. పైన 23.3. అర మీటరులో 23.5. ఒక మీటరులో 24.8. ఒకటిన్నరలో 26. రెండు మీటర్లలో 26.1.

ఆయన నమ్మలేదు. సీసా కడిగి మళ్లీ దించారు. అవే అంకెలు. మూడోసారి అడుగు నీళ్లను చేతిలో పోసుకుని నాలుకకు తాకించారు. తర్వాత పై నీళ్లు. "ఉప్పు!" అని గట్టిగా అన్నారు. "అమ్మాయ్, ఉప్పు!"

ఆయన చెరువులో నీటి బరువును నిర్ణయించేది వేడి ఒక్కటే. 4 డిగ్రీల దగ్గర నీరు అన్నింటికన్నా బరువు. అంతకంటే వెచ్చనిది పైకి తేలుతుంది. ఇక్కడ ఉప్పు ఆ లెక్కను తిరగేస్తుంది. చిత్తడి నుంచి వచ్చే మంచినీరు రాత్రి చలికి చల్లబడినా, ఉప్పు లేదు కాబట్టి తేలికగా పైనే ఉంటుంది. సముద్రపు నీరు వెచ్చగా ఉన్నా బరువు కాబట్టి దాని కింద దూరి వస్తుంది. చలి నీరు దుప్పటిలా పైన కప్పుకుంటే వెచ్చదనం అడుగున దాగుతుంది. నేను చదివిన మరో సంగతి అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఈ పడవ కింద ఉన్నదే బంగాళాఖాతంలోనూ ఉంటుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసిన మంచినీరు ఉత్తర భాగంలో పైన పరుచుకుని, చలికాలంలో కింది నీటి కంటే చల్లగా ఉంటుంది. పడవాయన కాళ్లకు తెలిసింది సముద్రమంతటి సంగతి.

రబ్బరు చేపకు బరువైన సీసం తల తగిలించాను. కొసన రెండు మూరల మందపాటి దారం కట్టాను. అడుగుకు తగిలేదాకా వదిలి, బాబాయి జనవరిలో తన చెరువులో లాగినట్టు మెల్లగా లాగాను. ఒక చుట్టు తిప్పి, ఆగి, మళ్లీ ఒక చుట్టు. ఆరో విసురులో దారం బరువెక్కింది. ఏదో చెత్త తగిలిందనుకున్నాను. ఆ చెత్త పక్కకు ఈదింది.

పడవాయన లంగరు ఎత్తేశారు. బాబాయి ఒక్క మాట కూడా మాట్లాడకుండా నా వెనక నిలబడ్డారు. చేప రెండుసార్లు వంతెన స్తంభం వైపు పరుగు తీసింది. రెండుసార్లూ బొటనవేలు రీలు మీద కాలేదాకా పట్టి ఆపాను. పడవ పక్కకు వచ్చేసరికి వెలుతురు వచ్చింది. 62 సెంటీమీటర్లు. మూడు కిలోలుండొచ్చు. ఈ పరిమాణంలో మగదే అయి ఉంటుంది. ఇంకో రెండేళ్లలో ఈ మొగ దగ్గరే తల్లి అవుతుంది.

గాలం తీసి నీటిలో పట్టుకున్నాను. అది కదల్లేదు. మొప్పలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి గానీ తోక వేలాడుతోంది. అప్పుడు బాబాయి వంగి, "పై నీళ్లలో పట్టుకోకు తల్లీ. కిందికి దించు" అన్నారు. పడవ అంచు మీద బోర్లా పడుకుని, చెయ్యి భుజం దాకా ముంచాను. మోచెయ్యి చలిలో ఉండగా వేళ్లకు వెచ్చదనం తగిలింది. అక్కడ చేప ఒళ్లు నా అరచేతిలో గట్టిపడింది. ఒకసారి వణికి, తోక నా మణికట్టును తాకి, వెళ్లిపోయింది.

బాబాయి పుస్తకం తీశారు. ఇన్నేళ్లుగా నీటి వేడికి ఒకే గడి ఉన్న పేజీలో నిలువుగా ఒక గీత గీసి రెండు గళ్లు చేశారు. ఒకదాని మీద పైన అనీ, రెండోదాని మీద కింద అనీ రాశారు. తర్వాత పడవాయన్ను పిలిచి, "అన్నా, ఇప్పుడు కాళ్లకు ఎలా ఉందో చెప్పండి" అన్నారు. ఆయన పడవ అంచు పట్టుకుని నీటిలోకి దిగి, మెడ వరకూ మునిగి, ఒక నిమిషం అలాగే నిలబడ్డారు.

"వెచ్చన ఇంకా పైకి ఎక్కుతోంది" అన్నారు. "ఇప్పుడు మోకాళ్ల దాకా వచ్చింది."